స్టీరింగ్ పంపు కారుతోందా? ముందు తుడవండి

నా 1998 జీప్ చెరోకీ, 4.0 ఇంజను. ఉండేది డల్లాస్‌లో, తిరిగేది ఓక్లహామా రాళ్ల దారుల్లో. పోయినేడు గ్యారేజీలో దాని కింద అరచేయంత మరక పడటం మొదలైంది. చలికాలం పొద్దున స్టీరింగ్ తిప్పితే దూడ అరిచినట్టు మూలుగు. ఏమీ చూడకుండా, స్టీరింగ్ పంపు నుంచి నూనె తీసుకెళ్లే హై ప్రెషర్ హోస్ మార్చేశాను. డబ్బులు పోయాయి, మరక పోలేదు.

అప్పుడు నెల్లూరు నుంచి వచ్చి మాతో ఉన్న నాన్న తొంగి చూసి, "ముందు తుడవరా. అంతా తడిగా ఉంటే ఎక్కడ కారేదీ ఎట్లా తెలుస్తుంది?" అన్నాడు. ఆయన ముప్పై ఏళ్లు ట్రాక్టరు నడిపిన మనిషి.

జిడ్డు వదిలించే డీగ్రీజర్ కొట్టి, కడిగి, ఆరబెట్టాం. ఇంజను స్టార్ట్ చేసి నాన్న స్టీరింగ్ అటూ ఇటూ తిప్పుతుంటే నేను టార్చి వేసి చూశాను. చూడాల్సినవి నాలుగు చోట్లు: నూనె వెనక్కి తెచ్చే రిటర్న్ హోస్ క్లాంపు, ప్రెషర్ పైపు బిగించే చోట ఉండే O-రింగు (గుండ్రటి రబ్బరు వలయం), రిజర్వాయర్‌కీ (నూనె ఉండే డబ్బా) పంపుకీ మధ్య ఉండే O-రింగు, పుల్లీ (బెల్టు తిరిగే చక్రం) వెనక, పంపు ఇరుసు చుట్టూ ఉండే షాఫ్ట్ సీలు. పుల్లీ చుట్టూ నూనె గుండ్రంగా చిమ్మి ఉంటే దోషం సీలుదే. నాదదే. అన్నేళ్లకి రబ్బరు గట్టిపడక ఏం చేస్తుంది!

ఇంజను చల్లారాక ఎడమ పక్కన ఉన్న ఎలక్ట్రిక్ ఫ్యాన్ తీస్తే చెయ్యి ఆడుతుంది. ఈ ఇంజన్లో బెల్టు బిగువు సరిచేసేది స్టీరింగ్ పంపు దగ్గరే. పంపు బోల్టులు వదులు చేసి, అడ్జస్టర్ తిప్పితే బెల్టు ఊడొస్తుంది. పుల్లీ షాఫ్ట్ మీద ఎంత లోతున కూర్చుందో ఇప్పుడే కొలిచి రాసుకోండి. దాన్ని లాగడానికి పుల్లర్, తిరిగి ఎక్కించడానికి ఇన్‌స్టాలర్ కావాలి. ఇక్కడి విడిభాగాల షాపుల్లో డిపాజిట్ కడితే రెండూ అరువిస్తారు. సుత్తితో కొట్టి ఎక్కిద్దామనుకోకండి, ఆ దెబ్బ పంపు లోపలికి తగులుతుంది.

పాత సీలు తీసేటప్పుడే ఒళ్లు దగ్గర పెట్టుకోవాలి. షాఫ్ట్ మీద చిన్న గీత పడినా కొత్త సీలు కూడా కారుతుంది. నేను కూల్‌డ్రింక్ డబ్బా రేకు కత్తిరించి షాఫ్ట్ చుట్టూ చుట్టి, ఆ తర్వాతే సీలు ఎత్తాను. కొత్తదానికి స్టీరింగ్ ఫ్లూయిడ్ రాసి, దాని అంచుకి సరిపోయే సాకెట్ పెట్టి మెల్లగా తట్టి దించాను. ఇన్‌స్టాలర్‌తో పుల్లీ తిరిగి ఎక్కించాక, ముందు రాసుకున్న కొలతకి వచ్చిందో లేదో, బెల్టు వంకర లేకుండా నడుస్తోందో లేదో చూసుకోండి.

మాన్యువల్లో చెప్పిన ఫ్లూయిడే పోయండి. ముందు చక్రాలు పైకెత్తి, స్టాండుల మీద నిలిపి, ఇంజను ఆపే ఉంచి స్టీరింగ్‌ని ఈ చివరి నుంచి ఆ చివరికి ఇరవైసార్లు నెమ్మదిగా తిప్పండి. మట్టం తగ్గితే మళ్లీ పోయండి. నురగ పోయాకే స్టార్ట్ చేయాలి. చివరిదాకా తిప్పి అలాగే పట్టుకోవద్దు.

వారం పాటు బండి కింద అట్టముక్క పెట్టాను. ఒక్కటంటే ఒక్క చుక్క పడింది. నాన్న వేలితో తాకి, "ఇది ఇంజనాయిలు" అన్నాడు. వాల్వ్ కవర్ నుంచి. దాని సంగతి ఇంకో ఆదివారం.