కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగుతున్నారా? 65 బోర్డు మీకు కాదు

కాలిఫోర్నియాలో స్థిరపడ్డాక ఎప్పుడో ఒకప్పుడు ట్రైలర్ అవసరం వచ్చి పడుతుంది. అపార్ట్‌మెంట్ మారడానికి సామాను ట్రైలర్, లేక్ టాహో వైపు వెళ్లడానికి క్యాంపింగ్ ట్రైలర్, పక్క ఊళ్లో ఎవరో అమ్ముతున్న సోఫా సెట్ తెచ్చుకోవడానికి ఓ చిన్న ఓపెన్ ట్రైలర్. కారు నడపడం వచ్చు కదా, వెనక ఇంకో రెండు చక్రాలే కదా అనుకుంటాం. కానీ ట్రైలర్ తగిలించాక మీ స్పీడ్ లిమిట్ వేరు, మీరు వెళ్లాల్సిన లేన్ వేరు. అది ఖాళీ ట్రైలరైనా సరే.

ముందు స్పీడ్ సంగతి. ఇక్కడి ఫ్రీవేల మీద మామూలు కార్లకి 65 మైళ్లు, ఊళ్లకి దూరంగా కొన్నిచోట్ల 70. ట్రైలర్ లాగే కారుకి మాత్రం రాష్ట్రమంతా గరిష్ఠంగా 55, అంటే గంటకి సుమారు 88 కిలోమీటర్లు. 65 బోర్డుకి కాస్త అటూ ఇటూగా ఇంకో బోర్డు కనిపిస్తుంది. మూడు గానీ అంతకంటే ఎక్కువ గానీ యాక్సిళ్లున్న ట్రక్కులకి, టో చేస్తున్న అన్ని వాహనాలకి 55 అని దాని మీద రాసి ఉంటుంది. కొత్తవాళ్లు దాన్ని లారీల బోర్డు అనుకుని వదిలేస్తారు. ఆ రెండో మాట మీ గురించే. బోర్డు కనపడకపోయినా రూల్ ఉన్నట్టే.

55లో వెళ్తుంటే పక్కనుంచి అందరూ 75లో దూసుకుపోతారు. వాళ్లలో ట్రైలర్ తగిలించుకున్న పికప్‌లు కూడా ఉంటాయి. వాళ్లని చూసి యాక్సిలరేటర్ తొక్కకండి. పోలీసు ఆపితే "అందరూ అలాగే వెళ్తున్నారు కదా" అన్న మాట చెల్లదు. స్పీడింగ్ టికెట్ పడితే డ్రైవింగ్ రికార్డులో పాయింట్ చేరుతుంది, ఆ తర్వాత ఇన్సూరెన్స్ ప్రీమియం పెరగొచ్చు. జరిమానా ఒకసారి కట్టేస్తే పోతుంది, ప్రీమియం అలా పోదు.

ఇక లేన్. ట్రైలర్‌తో ఉన్నప్పుడు మీ చోటు కుడి చివరి లేన్. ముందున్న బండిని దాటాలంటే దాని పక్క లేన్‌లోకి వెళ్లి, దాటాక తిరిగి వచ్చేయాలి. డివైడర్ ఉన్న రోడ్డు మీద ఒకే దిశలో నాలుగు లేన్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే కుడి వైపు రెండు లేన్లలో దేంట్లోనైనా వెళ్లొచ్చు. ఒకరికంటే ఎక్కువమంది ఉన్న కార్ల కోసం కేటాయించిన కార్‌పూల్ లేన్ జోలికి మాత్రం వెళ్లకండి. కారులో ఐదుగురు ఉన్నా సరే, ట్రైలర్ ఉంటే అది మీది కాదు.

ఒక్కో వైపు ఒకే లేన్ ఉన్న కొండ దారుల్లో మరో రూల్ ఉంది. మీరు నెమ్మదిగా వెళ్తుంటే, మిమ్మల్ని దాటే వీలు లేక మీ వెనక ఐదు బండ్లు గానీ అంతకంటే ఎక్కువ గానీ చేరితే, టర్నౌట్, అంటే రోడ్డు పక్కన బండి తీయడానికి వదిలిన చోటు, రాగానే పక్కకి తీసి వాటికి దారి ఇవ్వాలి. ఇది మర్యాద కోసం చెప్పింది కాదు, చట్టంలోనే ఉంది. హైవే వన్ మీద సముద్రం చూస్తూ వెళ్తుంటే వెనక క్యూ పెరగడం తెలియదు, అద్దం చూసుకుంటూ ఉండండి. అద్దాల్లో కూడా వెనక కనీసం 200 అడుగుల రోడ్డు కనపడాలి. వెడల్పాటి ట్రైలర్ అయితే మీ కారు అద్దాలు చాలవు, టోయింగ్ మిర్రర్లు తగిలించుకోవాలి.

మామూలు క్లాస్ సీ లైసెన్స్‌తో లాగగలిగేది ఒక్క ట్రైలర్, అదీ జీవీడబ్ల్యూఆర్ 10,000 పౌండ్ల లోపు. జీవీడబ్ల్యూఆర్ అంటే సామానుతో కలిపి ఆ ట్రైలర్ ఉండదగ్గ గరిష్ఠ బరువు, దాని ప్లేటు మీదే రాసి ఉంటుంది. మనలో చాలామందికి ఆ హద్దుతో పని పడదు. పని పడేదల్లా కారు మోయగలిగే బరువుతోనే. నా ఉద్దేశంలో జనం నిజంగా తప్పటడుగు వేసేది ఇక్కడే.

మీ ఎస్‌యూవీ 3,500 పౌండ్లు లాగగలదని బ్రోషర్‌లో ఉంది అనుకుందాం. ట్రైలర్, సామాను కలిపి సరిగ్గా 3,500 తూగాయి. సరిపోయింది కదా అనిపిస్తుంది. ఇప్పుడు డ్రైవర్ తలుపు తెరిచి పక్కన అంటించిన స్టిక్కర్ చూడండి. మనుషులు, సామాను కలిపి ఇంతకు మించకూడదు అని ఒక అంకె ఉంటుంది. అది 1,150 అనుకుందాం. ఐదుగురు పెద్దవాళ్లు, తలా 150 చొప్పున 750. మిగిలింది 400. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ బాల్ మీద, అంటే కారు వెనక ట్రైలర్ తగిలించే గుండు మీద పడాలి, దాన్నే టంగ్ వెయిట్ అంటారు. తక్కువలో తక్కువ లెక్క వేసినా 350 పౌండ్లు. ఆ బరువు మోసేది కారే కాబట్టి ఆ 400లోంచే తీసేయాలి. ఇక డిక్కీలో పెట్టుకోవడానికి మిగిలింది 50 పౌండ్లు, అంటే ఒక చెకిన్ సూట్‌కేస్. బ్రోషర్‌లో అంకె చూసి బయల్దేరినవాళ్లు ఈ లెక్క వేయరు.

ఆ టంగ్ వెయిట్ తక్కువైతే ఏమవుతుందో కూడా తెలుసుకోవాలి. బరువంతా ట్రైలర్ వెనక భాగంలో పెడితే అది పక్కలకి ఊగడం మొదలుపెడుతుంది. 45లో బుద్ధిగా వచ్చిన ట్రైలరే 65లో కారుని కూడా అటూ ఇటూ ఈడుస్తుంది. అందుకే సామానులో సుమారు 60 శాతం ముందు సగంలో ఉండాలంటారు. వాషింగ్ మెషీన్, పుస్తకాల పెట్టెలు ముందు, పరుపులు, కుర్చీలు వెనక. ఊగడం మొదలైతే బ్రేక్ మీద కాలు వేయకండి, స్టీరింగ్ తిప్పి సరిచేయాలని చూడకండి. స్టీరింగ్ తిన్నగా పట్టుకుని యాక్సిలరేటర్ వదిలేయండి. ట్రైలర్‌కి విడిగా బ్రేక్ కంట్రోలర్ ఉంటే దాని మీట మాత్రం మెల్లగా నొక్కండి. వేగం తగ్గితే ఊపూ తగ్గుతుంది. ఆ తర్వాత మొదటి ఎగ్జిట్‌లో ఆపి సామాను సర్దుకోండి, టెన్షన్ పడుతూ అలాగే ఇంటిదాకా లాక్కెళ్లకండి.

బ్రేకుల విషయంలో క్యాంపింగ్ ట్రైలర్‌కి 1,500 పౌండ్ల నుంచి, సామాను ట్రైలర్‌కి 3,000 పౌండ్ల నుంచి సొంత బ్రేకులు ఉండాలి. టెక్సాస్‌లో ఈ హద్దు 4,500. అక్కడినుంచి వచ్చిన స్నేహితుడి ట్రైలర్ అడిగి తెచ్చుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. సేఫ్టీ చైన్లు తప్పనిసరి, రెండూ కప్లర్ (ట్రైలర్ ముందు కొసన హిచ్ బాల్ మీద కూర్చునే భాగం) కింద ఒకదాని మీద ఒకటి దాటేలా తగిలించాలి. బాల్ సైజు కప్లర్ మీద రాసి ఉంటుంది. రెండు అంగుళాల కప్లర్‌ని 1 7/8 అంగుళాల బాల్ మీద పెట్టినా కూర్చున్నట్టే ఉంటుంది, రోడ్డు మీద గతుకు తగిలినప్పుడు లేచిపోతుంది. క్యాంపింగ్ ట్రైలర్ కదులుతున్నప్పుడు లోపల మనుషులు కూర్చోకూడదు, పిల్లలు ఎంత బతిమాలినా సరే.

అద్దె ట్రైలర్ అయితే యూహాల్ వాటి మీద గరిష్ఠం 55 అని రాసే ఉంటుంది, వేరే రాష్ట్రంలోకి వెళ్లినా అంతే. మరో మాట: రెంటల్ కారుతో ట్రైలర్ లాగాలనుకుంటే అగ్రిమెంట్ చదవండి, మామూలుగా దాంట్లో టోయింగ్ కుదరదనే ఉంటుంది. సొంత కారు ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా ఫోన్ చేసి అడగండి. ట్రైలర్ వల్ల ఎదుటివాళ్లకి జరిగే నష్టం చాలా పాలసీల్లో కవర్ అవుతుంది, ట్రైలర్‌కీ అందులో సామానుకీ జరిగేది వేరే లెక్క.

రాష్ట్రం దాటితే రూల్ మారుతుంది. వాషింగ్టన్‌లో ట్రైలర్‌తో గరిష్ఠం 60. ఐ-80 మీద నెవాడాలో చాలా దూరం వెళ్తే 80 బోర్డులు కూడా కనిపిస్తాయి. అక్కడ చూడాల్సింది టైర్లని. ఎస్‌టీ అని రాసి ఉండే ట్రైలర్ టైర్లు చాలావాటికి 65 మైళ్లే హద్దు, పక్కన స్పీడ్ రేటింగ్ అక్షరం ఉంటే తప్ప. ఎల్ అంటే 75, ఎమ్ అంటే 81. తయారైన తేదీ నాలుగంకెల్లో ఉంటుంది, 2319 అంటే 2019లో 23వ వారం. ట్రైలర్ టైర్లు తిరిగి తిరిగి అరిగేకంటే ఎండలో నిలబడి పాడయ్యేదే ఎక్కువ, కాబట్టి పైకి కొత్తగా కనిపించినా ఆ అంకె చూడాలి. గాలి మాత్రం బయల్దేరే ముందు, టైర్లు చల్లగా ఉన్నప్పుడే చెక్ చేయండి.

చలికాలంలో డోనర్ సమ్మిట్ వైపు వెళ్తుంటే చైన్ కంట్రోల్, అంటే మంచులో జారకుండా టైర్లకి చైన్లు వేసుకోవాలన్న ఆంక్ష, పెట్టినప్పుడు కారుకే కాదు, బ్రేకులున్న ట్రైలర్‌కి కూడా ఒక యాక్సిల్‌కి చైన్లు కావాలి. దిగేటప్పుడు తక్కువ గేర్‌లో దిగండి, బ్రేక్ అదేపనిగా తొక్కితే వేడెక్కి పట్టు వదిలేస్తుంది.

ఇంటికి చేరాక ట్రైలర్ విప్పి వీధిలో వదిలేయకండి. చాలా ఊళ్లలో కారుకి తగిలించని ట్రైలర్‌ని వీధిలో ఉంచడం నిషేధం. నిషేధం లేని చోట కూడా 72 గంటలు కదలకుండా ఉంటే టో చేసి తీసుకెళ్లే నిబంధన ఉండొచ్చు. హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉన్న కాలనీ అయితే మీ డ్రైవ్‌వేలో పెట్టడానికి కూడా ముందు అడగాలి. ట్రైలర్ కొనే ఆలోచన ఉంటే దాన్ని ఎక్కడ ఉంచుతారో, స్టోరేజీకి నెలకి ఎంతవుతుందో కొనకముందే కనుక్కోండి.