చిగురు జారుతోందా, పన్ను దెబ్బతిందా? లక్షణాన్ని బట్టి కారణం, కారణాన్ని బట్టి చికిత్స

అద్దం ముందు నిలబడి చూసుకుంటుంటే, పై వరుసలో నా ఎడమ కోర పన్ను పక్క పళ్ల కంటే పొడుగ్గా కనిపించింది. పెద్దవాళ్లకు పళ్లు పెరగవు కాబట్టి, తగ్గింది చిగురే. ఆ సంగతి అప్పట్లో నాకు తట్టలేదు. చిగురు అంచున పచ్చగా కనిపిస్తున్నది పాచి అనుకున్నాను. గట్టి బ్రష్ ఒకటి కొని రోజూ అక్కడే పట్టుబట్టి తోమాను. తీరా ఆ పచ్చటి భాగం బయటపడిన పంటి వేరు. ఏడాది తిరిగేసరికి అక్కడ గోటికి తగిలేంత గాడి పడింది. అందుకే ఏ మందు వాడాలా అని వెతికేముందు ఎందుకిలా అయిందో తెలుసుకోమంటాను.

ముందే ఒక మాట. జారిన చిగురు తనంతట తాను మళ్లీ పైకి రాదు. ఏ పేస్టు రాసినా, ఏ మౌత్‌వాష్ పుక్కిలించినా రాదు. జారడాన్ని మాత్రం ఆపవచ్చు. బయటపడ్డ వేరును కాపాడుకోవచ్చు. అవసరమైతే చిన్న ఆపరేషన్‌తో కప్పించుకోవచ్చు.

చల్లగా తగిలితే జివ్వుమంటోంది

పన్ను పైభాగానికి ఎనామెల్ అనే గట్టి పొర ఉంటుంది. వేరుకు అది లేదు. దాని మీద ఉండే పల్చటి పొర తొందరగా అరిగిపోయి, కింద ఉన్న డెంటిన్ బయటపడుతుంది. డెంటిన్ నిండా కంటికి కనిపించనంత సన్నటి గొట్టాలు, వాటి నిండా ద్రవం ఉంటాయి. చల్లటి నీళ్లో గాలో తీపో తగిలితే ఆ ద్రవం కదులుతుంది, లోపలి నరానికి అది నొప్పిగా తెలుస్తుంది.

ఇక్కడ చూడాల్సింది నొప్పి ఎంత గట్టిగా ఉందని కాదు, ఎంతసేపు ఉందని. చల్లదనం పోగానే రెండు మూడు సెకన్లలో నొప్పి కూడా పోతే నరం క్షేమంగా ఉన్నట్టే, చాలావరకు. అరనిమిషం దాటినా గుంజుతూనే ఉంటే అది వేరే సమస్య, దాని గురించి కింద చెబుతాను.

మొదటి రకానికి పొటాషియం నైట్రేట్ గానీ స్టానస్ ఫ్లోరైడ్ గానీ ఉన్న సెన్సిటివిటీ పేస్టు వాడండి. రోజుకు రెండుసార్లు చొప్పున రెండు నుంచి నాలుగు వారాలు వాడితేనే తేడా తెలుస్తుంది. మూడు రోజులు చూసి పనిచేయట్లేదని పక్కన పడేసేవాళ్లే ఎక్కువ. తోమాక నురగ ఉమ్మేయండి చాలు, వెంటనే నీళ్లతో పుక్కిలిస్తే మందంతా కొట్టుకుపోతుంది. పుల్లటివి తిన్నాక, తాగాక కనీసం అరగంట ఆగి తోమండి, ఎందుకంటే ఆమ్లం తగిలిన పంటి పైపొర కాసేపు మెత్తగా ఉంటుంది. పళ్లు తెల్లబరిచే పేస్టులు, జెల్‌లు ప్రస్తుతానికి ఆపేయండి. ఇంత చేసినా తగ్గకపోతే డెంటిస్టు ఫ్లోరైడ్ వార్నిష్ పూస్తారు, లేదా వేరు మీద పల్చటి బాండింగ్ పూత వేస్తారు.

చిగురు ఆరోగ్యంగానే ఉంది, పంటి మెడ దగ్గర గాడి పడింది

చిగురు గులాబీ రంగులో గట్టిగా ఉంది, రక్తం రావట్లేదు, అయినా జారుతోంది అంటే మొదట అనుమానించాల్సింది మీ చేతినే. మీ బ్రష్‌ను తిప్పి వెనక నుంచి చూడండి. నెల రోజులకే పోచలు రెండు పక్కలకీ విచ్చుకుని బయటికి కనిపిస్తుంటే మీరు తోమట్లేదు, రుద్దుతున్నారు. కుడిచేతివాటం వాళ్లకు సాధారణంగా ఎడమ వైపు ఎక్కువ ఒత్తిడి పడుతుంది. నాకు జరిగింది అదే.

మెత్తటి బ్రష్ తీసుకోండి. పిడికిలి బిగించకుండా పెన్ను పట్టుకున్నట్టు వేళ్లతో పట్టుకోండి. పోచలు చిగురు, పన్ను కలిసే చోట 45 డిగ్రీల వాలుగా ఆనాలి. అక్కడే చిన్నగా కదిలించి, పన్ను కొస వైపు ఊడ్చినట్టు తేవాలి. అడ్డంగా రంపం కోసినట్టు వద్దు. రెండు నిమిషాలు చాలు. మొదటి వారం రోజులు పళ్లు సరిగా శుభ్రం కాలేదనే అనిపిస్తుంది, అలవాటు పడేదాకా ఓపిక పట్టండి. గాడి లోతుగా ఉంటే పంటి రంగు ఫిల్లింగ్ వేయించుకోవచ్చు. అయితే చెయ్యి మారకుండా ఫిల్లింగ్ వేయించుకుంటే దాని పక్కనే మరో గాడి మొదలవుతుంది.

పుట్టుకతో పల్చటి చిగురు ఉన్నవాళ్లు, పన్ను వరుస దాటి ముందుకు వచ్చినవాళ్లు, క్లిప్పులు వేయించుకున్నవాళ్లు, పెదవికో నాలుకకో రింగు పెట్టుకున్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. కొందరికి పెదవి నుంచి వచ్చే కండర పోగు చిగురు అంచును లాగుతుంటుంది. పెదవిని వేళ్లతో పట్టి లాగితే చిగురు అంచు తెల్లబడి కదులుతుందేమో చూడండి. కదిలితే డెంటిస్టుకు చూపించండి.

తోముతుంటే రక్తం, నోటి వాసన, చిగురు ఉబ్బు

ఇది చిగుళ్ల జబ్బు. పెద్దవాళ్లలో పళ్లు ఊడిపోవడానికి పెద్ద కారణాల్లో ఇదొకటి, నన్నడిగితే అందరూ మరీ తేలిగ్గా తీసుకునేదీ ఇదే. మెత్తటి పాచి కొద్దిరోజుల్లోనే గట్టిపడి గార అవుతుంది. గార ఏ బ్రష్‌కీ రాదు. దాని మీద పేరుకున్న సూక్ష్మజీవులకు చిగురు వాస్తుంది, నెమ్మదిగా పంటిని పట్టుకున్న ఎముక కరుగుతుంది, ఎముక వెంట చిగురు దిగుతుంది. రక్తం వస్తోందని అక్కడ తోమడం మానేస్తే జబ్బు ముదురుతుంది. మెత్తగానే, కానీ రోజూ తోమాలి.

డెంటిస్టు సన్నటి కొలత పుల్లతో చిగురుకు, పంటికి మధ్య లోతు చూస్తారు. 1 నుంచి 3 మిల్లీమీటర్లు మామూలు. 4, ఆపైన ఉంటే పాకెట్ ఏర్పడిందని అర్థం. ఆ అంకె ఒక్కటే విని వచ్చేయకండి, చిగురు ఎంత జారిందో కూడా అడగండి. 3 మిల్లీమీటర్లు జారి, కింద 4 మిల్లీమీటర్ల పాకెట్ ఉంటే ఆ పన్ను మొత్తం 7 మిల్లీమీటర్ల పట్టు పోగొట్టుకుందని లెక్క. రెండు అంకెలూ రాసి ఉంచుకుంటే, ఆరు నెలల తర్వాత జబ్బు ఆగిందో లేదో మీకే తెలుస్తుంది.

చికిత్స స్కేలింగ్, అంటే గారను గీకి తీయడం. పాకెట్లు లోతుగా ఉంటే మత్తు ఇచ్చి వేరును కూడా శుభ్రం చేయడం. "స్కేలింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయి, సందులు పడతాయి" అనే భయంతో ఏళ్ల తరబడి వాయిదా వేసేవాళ్లు నాకు తెలుసు. సందులు అంతకుముందే ఉన్నాయి, వాటిని నింపింది గార. వాపు తగ్గాక చిగురు ఇంకాస్త దిగినట్టు కనిపిస్తుంది, కొన్ని వారాలు జివ్వుమంటుంది కూడా. టెన్షన్ పడకండి, వాపు పోయిందనడానికి అది గుర్తు. రెండు మూడు నెలల్లోపు మళ్లీ కొలిపించుకోండి. ఆ తర్వాత జబ్బు తీవ్రతను బట్టి మూడు నాలుగు నెలలకోసారి క్లీనింగ్ అవసరమవుతుంది. ఇంట్లో మాత్రం పళ్ల సందుల్లో దూరే చిన్న బ్రష్ తప్పనిసరి, మామూలు బ్రష్ అక్కడిదాకా చేరదు.

షుగర్ ఉంటే అదుపులో పెట్టుకోండి. షుగర్ చిగుళ్లను పాడుచేస్తుంది, చిగుళ్ల వాపు షుగర్‌ను పెంచుతుంది. పొగ తాగేవాళ్లకు ఇంకో ప్రమాదం ఉంది. పొగ వల్ల రక్తం కారడం తగ్గిపోతుంది, దాంతో జబ్బు లోలోపల ముదురుతున్నా చిగురు బాగున్నట్టే కనిపిస్తుంది.

జబ్బు పూర్తిగా అదుపులోకి వచ్చాకే చిగురు కప్పే ఆపరేషన్ గురించి ఆలోచించాలి. సాధారణంగా అంగిలి నుంచి కొద్దిగా కణజాలం తీసి వేరు మీద అమర్చి, చిగురును జరిపి కుడతారు. పళ్ల మధ్య ఎముక చెక్కుచెదరకుండా ఉంటే వేరు పూర్తిగా కప్పబడే అవకాశం బాగుంటుంది. ఎముక తగ్గి ఉంటే కొంతవరకే కప్పగలరు, ఈ మాట ఆపరేషన్‌కు ముందే అడిగి తెలుసుకోండి. జారడం ఆగిపోయి, నొప్పి లేకుండా, శుభ్రం చేసుకోగలుగుతుంటే ఆపరేషన్ అక్కర్లేదు.

పన్ను కదులుతోంది

కదిలే ప్రతి పన్నూ పీకాల్సిన పన్ను కాదు. కొత్తగా వేసిన ఫిల్లింగో క్యాపో కాస్త ఎత్తుగా ఉండి, నోరు మూసిన ప్రతిసారీ ఆ పన్ను మీదే బరువు పడుతోందేమో చూసుకోండి. డెంటిస్టు ఆ ఎత్తును అరగదీస్తే కొద్దిరోజుల్లో పన్ను గట్టిపడుతుంది. వాపు వల్ల కదిలే పన్ను కూడా శుభ్రం చేశాక కొంత బిగుసుకుంటుంది. మిగిలిన కదలికకు పక్క పళ్లతో కలిపి సన్నటి తీగతో కడతారు. పక్కకే కాకుండా పైకీ కిందికీ కూడా ఆడుతుంటే మాత్రం పన్ను నిలవడం కష్టం. నాలుకతో తోసి తోసి చూడకండి.

కొరికి వదలగానే కలుక్కుమంటోంది

గట్టిది కొరికి, పళ్లు విడదీసే క్షణంలో నొప్పి పొడిచినట్టు వస్తే పంటిలో పగులు ఉండొచ్చు. ఎక్స్‌రేలో చాలాసార్లు పగులు కనిపించదు. డెంటిస్టు ఒక్కో మూల మీద చిన్న పరికరం పెట్టి కొరికించి చూస్తారు. పగులు పైభాగంలోనే ఉంటే క్యాప్‌తో పన్ను దక్కుతుంది. నరం దాకా వెళ్తే రూట్ కెనాల్ (లోపలి నరాన్ని తీసి, ఆ ఖాళీని నింపే చికిత్స) కూడా కావాలి. వేరు నిలువునా చీలితే తీయించుకోవడమే మిగులుతుంది. ఆలస్యం చేసేకొద్దీ పగులు కిందికి పాకుతుంది. అపాయింట్‌మెంట్ దొరికేదాకా రెండో వైపే నమలండి.

రాత్రిళ్లు పోటు, ఆ తర్వాత ఉన్నట్టుండి నొప్పి మాయం

వేడికి పోటు, పడుకుంటే ఎక్కువ కావడం, నొప్పి నిమిషాల తరబడి ఆగకపోవడం ఉన్నాయంటే నరం కోలుకోలేనంతగా వాచిందని అర్థం. యాంటీబయాటిక్‌తో ఇది తగ్గదు, రూట్ కెనాల్ కావాలి. కొన్నాళ్లకు నొప్పి దానంతటదే పోతే నరం చచ్చిపోయి ఉండొచ్చు. కొంతకాలానికి చిగురు మీద చిన్న పొక్కు లేచి, చీము కారి, మళ్లీ లేస్తుంది. నొప్పి లేదు కదా అని వదిలేయకండి, లోపల ఎముక కరుగుతూనే ఉంటుంది. నొప్పి పెట్టే చిగురు మీద ఆస్పిరిన్ బిళ్ల పెట్టకండి, చిగురు కాలిపోయి పుండు పడుతుంది. ముఖం వాచి జ్వరం వచ్చినా, నోరు తెరుచుకోకపోయినా, మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైనా ఉదయం దాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లండి.

వేరు మీద గోధుమరంగు మెత్తటి మచ్చ

ఇది పుచ్చు. ఎనామెల్ కంటే వేరు తక్కువ ఆమ్లానికే కరుగుతుంది, కాబట్టి ఇక్కడ పుచ్చు వేగంగా పాకుతుంది. మందుల వల్ల నోరు ఎండిపోయేవాళ్లలో మరీను. తొందరగా చూపిస్తే ఎక్కువ ఫ్లోరైడ్ ఉన్న పేస్టుతోనే ఆపవచ్చు, గుంట పడితే ఫిల్లింగ్.

దెబ్బ తగిలి ఊడింది

పాలపన్ను కాకుండా శాశ్వత పన్ను ఊడితే వేరును ముట్టుకోకుండా పైభాగం పట్టుకోండి. మట్టి అంటితే పాలతో గానీ నీళ్లతో గానీ కొన్ని సెకన్లు కడిగి, రుద్దకుండా అదే గుంటలో పెట్టి, శుభ్రమైన బట్ట కరిచి పట్టండి. పెట్టలేకపోతే పాలలో వేయండి, నీళ్లలో నానబెట్టకండి. అరగంటలోపు చేరితే బతికే అవకాశం బాగుంటుంది. పాలపన్నును మాత్రం తిరిగి పెట్టకూడదు, కింద వచ్చే పంటికి దెబ్బ.

తీసేయమంటే ఏం అడగాలి

వేరు చుట్టూ ఎముక ఎంత మిగిలింది? వేరు చీలిందా? పిప్పి, విరిగిన భాగం తీసేశాక చిగురు పైన క్యాప్ పట్టుకోవడానికి కనీసం 2 మిల్లీమీటర్ల గట్టి పన్ను చుట్టూ మిగులుతుందా? ఎక్స్‌రే ముందు పెట్టి ఈ మూడూ చూపించమనండి. మూడింటికీ మంచి జవాబే వస్తే, తీయించుకునే ముందు ఇంకో డెంటిస్టు అభిప్రాయం కూడా తీసుకోండి. నా కోర పన్ను గురించి కూడా తీసేద్దామన్న మాట ఒకసారి వచ్చింది. ఎముక బాగుందని తేలాక గాడికి ఫిల్లింగ్ వేయించుకుని, మెత్తటి బ్రష్ పట్టాను. అప్పుడు 3 మిల్లీమీటర్లు జారిన చిగురు ఇప్పటికీ 3 దగ్గరే ఉంది.