మోదుగ గింజల సారం నట్టల మీద పనిచేస్తుందా? గుడ్లతో తేల్చే పద్ధతి

గొర్రెల నట్టలకు మోదుగ గింజలు మందని పేరు. దాన్ని తేల్చడానికి చాలామంది వానపాముల మీద సారం పోసి, చచ్చేదాకా నిమిషాలు లెక్కపెడతారు. వానపాము నట్ట కాదు, దాని వర్గమే వేరు. గొర్రె నాలుగో కడుపులో రక్తం పీల్చే హీమాంకస్ గుడ్ల మీద చేస్తేనే ఫలితానికి అర్థం.

గింజల్ని నీడలో ఆరబెట్టి పొడి చేయండి. 100 గ్రాముల పొడిని లీటరు 70 శాతం ఇథనాల్‌లో మూడు రోజులు నానబెట్టి, వడకట్టి, 40 డిగ్రీలు దాటని వేడిలో ఆవిరి చేయండి. మిగిలిన ముద్దను డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో మిల్లీలీటరుకు 200 మి.గ్రా. చొప్పున కరిగించి, సగానికి సగంగా ఐదు మోతాదులు చేసుకోండి. పలచన కూడా డీఎంఎస్‌ఓతోనే. నీళ్లు కలిపితే పరీక్ష ప్లేట్‌లోని ఒక్కో వెల్‌లో (చిన్న గుంటలో) డీఎంఎస్‌ఓ ఒక్కోలా ఉండి, చంపింది ఏదో తేలదు.

ఎక్కువ పరీక్షలు చెడేది గుడ్ల దగ్గరే. నేల మీది పెంటికలు వద్దు, గొర్రె నుంచి నేరుగా తీయండి. మూడు గంటల్లోపు గుడ్లు ప్లేట్‌లో ఉండాలి. ఆలస్యమైతే పిండం ఎదిగి, పోల్చి చూసే నట్టల మందు థయాబెండజోల్‌కు కూడా సరిగా లొంగదు. పెంటికల్ని నీళ్లలో మెదిపి, 100 మైక్రాన్ల జల్లెడ దాటించి, 25 మైక్రాన్లదాని మీద గుడ్లు పట్టండి. ఉప్పునీటిలో తేల్చాక వెంటనే కడగాలి, లేకపోతే ముడుచుకుపోతాయి. వేరే నట్టల గుడ్లూ ఇలాగే కనిపిస్తాయి కాబట్టి, కొన్ని పెంటికల్ని వారం పొదిగించి లార్వాల తోకలు చూసి జాతి నిర్ధారించుకోండి.

ఒక్కో వెల్‌లో దాదాపు 100 గుడ్లున్న 495 మైక్రోలీటర్ల నీరు, 5 మైక్రోలీటర్ల సారం. అంటే అన్నిటికంటే ఎక్కువ మోతాదు వెల్‌లో మిల్లీలీటరుకు 2 మి.గ్రా. ప్రతి మోతాదుకూ మూడు వెల్స్, వాటితోపాటు ఉత్త డీఎంఎస్‌ఓకు మూడు, థయాబెండజోల్‌కు మూడు. సారం నీళ్లలో పడగానే పాలలా విరిగితే ఆ మోతాదు లెక్కలోకి తీసుకోవద్దు. 27 డిగ్రీల్లో, ఆరిపోకుండా 48 గంటలు ఉంచి, పొదగడాన్ని ఆపే లూగాల్ అయోడిన్ చుక్క వేసి, పొదిగినవీ పొదగనివీ లెక్కపెట్టండి.

అయోడిన్ వేసేముందు ఒక్కసారి మైక్రోస్కోప్‌లో చూడండి. కొన్ని గుడ్లలో కణాల ముద్ద అలాగే ఆగిపోయి ఉంటుంది. కొన్నింట్లో పిల్లపురుగు చుట్టచుట్టుకుని కదులుతూనే ఉంటుంది, పెంకు మాత్రం దాటదు. ఈ రెంటినీ విడివిడిగా రాసుకోండి, సారం పనిచేసే తీరు అక్కడే తెలుస్తుంది. ఉత్త డీఎంఎస్‌ఓ వెల్స్‌లో 80 శాతమైనా పొదగకపోతే ప్లేట్ మొత్తం పారేయాల్సిందే.

ఇక్కడ గెలిచిన సారం గొర్రె పొట్టలో ఓడిపోవచ్చు. మొదటి కడుపులోని సూక్ష్మజీవులు దాన్ని విరిచేస్తాయి, సారంలోని వగరు పదార్థాలైన టానిన్లయితే మేతలోని ప్రొటీన్లకు అంటుకుపోతాయి. అందుకే తర్వాత మందు తాగించిన గుంపునూ తాగించని గుంపునూ పెట్టి, మొదటి రోజూ 14వ రోజూ పెంటికల్లో గుడ్లు లెక్కించి పోల్చాలి.