కొత్త ఫైర్‌వాల్ కొనే ముందు ఉన్నదాన్ని ఒకసారి చూడండి

"ఏరా, మంచి ఫైర్‌వాల్ ఒకటి చెప్పు, కొనేస్తాను" అని మా బాబాయి ఫోన్ చేశాడు. "ముందు ఏమైందో చెప్పు బాబాయ్" అన్నాను. ప్రింట్ పోవట్లేదట! ఫైర్‌వాల్ అంటే కంప్యూటర్‌కీ నెట్‌వర్క్‌కీ మధ్య ఏది రావాలో, ఏది పోవాలో చూసే కాపలా ప్రోగ్రాం. ఇంట్లో కంప్యూటర్ మొరాయిస్తే ఫైర్‌వాల్ మార్చాలనుకునేవాళ్ళు చాలామందే ఉన్నారు. నేను చూసిన కేసుల్లో చాలావాటికి కొత్తది అవసరమే పడలేదు. విండోస్‌లో ఒకటి ఎలాగూ ఉంది కాబట్టి ఇక్కడ చెప్పేదంతా విండోస్ 10, 11 గురించే.

నెట్ వస్తోంది, ప్రింటర్ మాత్రం దొరకట్లేదు

బాబాయి వాళ్ళ ప్రింటర్ కింద హాల్లో డెస్క్‌టాప్‌కి కేబుల్‌తో తగిలించి ఉంటుంది. పైగదిలో ల్యాప్‌టాప్ నుంచి కూడా దానికే ప్రింట్ ఇస్తారు. రౌటర్ మార్చిన రోజు నుంచి అది ఆగిపోయింది. నేను ల్యాప్‌టాప్ ముందు కూర్చుని అరగంట తంటాలు పడ్డాను. ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్ (డ్రైవర్) తీసేసి మళ్ళీ వేశాను. తీరా చూస్తే తప్పు ల్యాప్‌టాప్‌లో లేదు, కింద డెస్క్‌టాప్‌లో ఉంది.

రౌటర్ మారగానే విండోస్‌కి అది ముక్కూమొహం తెలియని నెట్‌వర్క్. దాన్ని 'పబ్లిక్' అని రాసుకుంటుంది. అంటే బస్టాండ్ వైఫైని ఎలా చూస్తుందో మన ఇంటి వైఫైనీ అలాగే చూస్తుంది, పక్క కంప్యూటర్ పలకరించినా పలకదు. డెస్క్‌టాప్‌లో సెట్టింగ్స్, నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్, ఆ కనెక్షన్ ప్రాపర్టీస్‌లోకి వెళ్ళి 'ప్రైవేట్' ఎంచుకున్నాం. వెంటనే ప్రింట్ వచ్చింది. ఈ మార్పు ఇంటి నెట్‌వర్క్‌కే చేయండి. హాస్టల్, హోటల్, రైల్వే స్టేషన్ వైఫైలను పబ్లిక్‌గానే వదిలేయండి.

ఒక్క యాప్ మాత్రం కనెక్ట్ అవ్వదు

పిల్లలు కొత్త గేమ్ మొదటిసారి తెరిచినప్పుడు ఫైర్‌వాల్ ఒక బాక్స్ చూపించి అనుమతి అడుగుతుంది. భయపడి 'క్యాన్సిల్' కొడతాం. ఏమీ జరగలేదనుకుంటాం కానీ, లోపల ఆ గేమ్‌ని అడ్డుకునే రూల్ తయారవుతుంది. మళ్ళీ ఆ బాక్స్ రాదు. తర్వాత ఎన్ని అనుమతి రూల్స్ చేర్చినా లాభం ఉండదు, ఎందుకంటే రెండూ ఉన్నప్పుడు అడ్డుకునే రూల్‌దే పైచేయి.

విండోస్ సెక్యూరిటీలో 'ఫైర్‌వాల్ అండ్ నెట్‌వర్క్ ప్రొటెక్షన్' తెరిచి, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో 'ఇన్‌బౌండ్ రూల్స్' (బయటి నుంచి వచ్చేవాటికి పెట్టిన రూల్స్) చూడండి. ఆ గేమ్ పేరు పక్కన ఎర్ర గుర్తు ఉన్నవి సాధారణంగా రెండు కనిపిస్తాయి. రెండూ తీసేసి గేమ్ మళ్ళీ తెరిస్తే బాక్స్ మళ్ళీ అడుగుతుంది. ఎవరేం నొక్కారో తెలియనంత గజిబిజిగా ఉంటే, 'రిస్టోర్ ఫైర్‌వాల్స్ టు డిఫాల్ట్' నొక్కి మొదటి నుంచి రండి.

యాంటీవైరస్ తీసేశాక నెట్ పోయింది

కంప్యూటర్‌తో పాటు ఏడాదికి ఉచితంగా వచ్చిన సూట్ (యాంటీవైరస్, ఫైర్‌వాల్ కలిసిన ప్యాకేజీ) గడువు అయిపోతుంది, దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేస్తాం. ప్రోగ్రాం పోతుంది కానీ నెట్‌వర్క్ దారిలో అది పెట్టిన కాపలా ముక్కలు కొన్ని మిగిలిపోవచ్చు. ఆ తయారీదారు సైట్‌లో పూర్తిగా తుడిచేసే టూల్ విడిగా ఉంటే అది నడిపి, రీస్టార్ట్ చేయండి. అప్పటికీ రాకపోతే సెట్టింగ్స్‌లో 'నెట్‌వర్క్ రీసెట్' ఉంది. అది చేస్తే వైఫై పాస్‌వర్డ్ మళ్ళీ అడుగుతుంది, ముందే రాసిపెట్టుకోండి.

రెండు సూట్‌లు ఒకేసారి నడిపేవాళ్ళకీ ఇలాంటి తిప్పలే. విండోస్ సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో 'మేనేజ్ ప్రొవైడర్స్' తెరిస్తే కాపలా ఎవరిదో తెలుస్తుంది.

"మీ ఫైర్‌వాల్ దెబ్బతింది, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి"

మోసం. అది బ్రౌజర్‌లో తెరుచుకున్న పేజీ, అంతే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కి, టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ని ముగించండి. వాళ్ళు చెప్పారని స్క్రీన్ షేరింగ్ యాప్ వేసుకుంటే తలుపు మనమే తీసినట్టు, ఏ ఫైర్‌వాలూ ఆపదు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అయినా వేరే ఫైర్‌వాల్ కావాలంటే

2004లో విండోస్ ఎక్స్‌పీకి ఇచ్చిన పెద్ద అప్‌డేట్ సర్వీస్ ప్యాక్ 2తో మైక్రోసాఫ్ట్ ఫైర్‌వాల్‌ని ముందే ఆన్ చేసి ఇవ్వడం మొదలుపెట్టింది. అంతకుముందు ఏడాది బ్లాస్టర్ వార్మ్ (తనంతట తానే పాకే వైరస్ లాంటిది) నెట్‌కి తగిలించిన కంప్యూటర్లను వరసబెట్టి పడగొట్టింది మరి. నేటికీ విండోస్ ఫైర్‌వాల్ పద్ధతి అదే: మనం పిలవకుండా బయటి నుంచి వచ్చేదాన్ని ఆపుతుంది, లోపలి నుంచి బయటికి వెళ్ళేదాన్ని మామూలుగా వదిలేస్తుంది.

ఆ రెండోదాని మీద పట్టు కావాలనుకుంటేనే ఇంకొకటి వెతకండి. టైనీవాల్ ఉచితం, పాపప్‌లతో విసిగించదు, మీరు ఒప్పుకోని ప్రోగ్రాంని నెట్‌లోకి పోనివ్వదు. మొదటి రోజు మాత్రం సగం యాప్‌లు ఆగిపోయి చిరాకు పుడుతుంది. గ్లాస్‌వైర్ ఏ యాప్ ఎంత డేటా తింటోందో గ్రాఫ్‌లో చూపిస్తుంది, ఫోన్ హాట్‌స్పాట్ మీద బతికేవాళ్ళకి బాగా పనికొస్తుంది. ఏది వేసినా తయారీదారు సొంత సైట్ నుంచే దించుకోండి. చివరి అప్‌డేట్ ఎప్పుడొచ్చిందో చూడండి, రెండు మూడేళ్ళుగా కదలికే లేనిదాన్ని నేనైతే ముట్టుకోను.

అప్‌డేట్ల మాట విండోస్‌కీ వర్తిస్తుంది. 2017 మేలో ఫైళ్ళకి తాళం వేసి డబ్బు అడిగే వన్నాక్రై వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. అది వాడుకున్న లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ప్యాచ్ (ఆ లోపాన్ని సరిచేసే అప్‌డేట్) ఇచ్చింది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. బాబాయి డెస్క్‌టాప్ ఇంకా దాని మీదే ఉంది. ఫైర్‌వాల్‌కి పెడదామనుకున్న డబ్బుకి ఇంకొంచెం కలిపి కొత్త సిస్టమ్ తీసుకోమన్నాను. ఆలోచిస్తున్నాడు.