కరెంటు పోయిందని ఫోన్ చేసే ముందు

కరెంటు పోతే 1912కి ఫోన్ చేస్తాం. లైన్ కలవగానే "ఏమండీ, పొద్దున్నుంచీ ఇదే గోల, పిల్లలకి పరీక్షలు..." అని మొదలుపెడతాం. నేనూ అంతే చేసేవాణ్ణి. అవతలి మనిషికి ముందు కావాల్సింది మన సర్వీస్ నంబరు.

ఇప్పుడు పాత బిల్లు ఎదురుగా పెట్టుకునే డయల్ చేస్తాను. "సర్వీస్ నంబరు చెప్తాను, రాసుకోండి. మా ఒక్క ఇంట్లోనే పోయింది, పక్కిళ్లలో ఉంది. అరగంటైంది." అంతే. పక్కిళ్ల సంగతి చిన్న విషయంలా అనిపిస్తుంది గానీ, మన సర్వీస్ వైరులో తేడానా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు పోయిందా అన్నది లైన్‌మన్‌కి సగం దాంతోనే అర్థమవుతుంది. తీగ తెగి కింద పడి ఉంటే మాత్రం అన్నిటికన్నా ముందు అదీ, అది ఎక్కడ పడిందన్నదీ చెప్పాలి.

ఫిర్యాదు నంబరు ఇవ్వగానే "ఓకే" అని పెట్టేయకండి. మీరే తిరిగి చదివి వినిపించండి, ఒక్కో అంకె విడిగా. ఫోన్లో ఇరవై, అరవై ఒకేలా వినిపిస్తాయి. నేనొకసారి అలాగే తప్పు రాసుకుని, మర్నాడు ఎవరిదో ఫిర్యాదు గురించి పది నిమిషాలు వాదించాను.