ఆర్‌వీ దారిలో ఆగిపోతే ఏం చెయ్యాలి

లాస్ ఏంజెలెస్ నుంచి వేగస్ వెళ్లే ఐ-15 హైవే మీద బేకర్ అనే చిన్న ఊరు వస్తుంది, 134 అడుగుల థర్మామీటర్ ఉన్న ఊరు. సముద్రమట్టానికి వెయ్యి అడుగులు కూడా లేని ఆ ఊరి నుంచి రోడ్డు పైకి లేస్తుంది, మధ్యలో కాస్త దిగినా మౌంటెన్ పాస్ చేరేసరికి 4,700 అడుగులు దాటుతుంది. ఇంజన్ వేడెక్కకుండా ఏసీ ఆపుకోండని దారిలో బోర్డులు కూడా పెట్టారు. జులైలో అమ్మానాన్నల్ని, పిల్లల్ని, తమ్ముడి కుటుంబాన్ని ఎక్కించుకుని అద్దె ఆర్‌వీలో (పడకలు, వంటగది ఉన్న పెద్ద బండి) ఆ ఎత్తు ఎక్కుతుంటే మా బండి టెంపరేచర్ ముల్లు మెల్లగా కుడివైపు జరగడం మొదలుపెట్టింది. అప్పుడు నేర్చుకున్నదీ, తర్వాతి ట్రిప్పుల్లో పనికొచ్చిందీ ఇక్కడ రాస్తున్నా. అమ్మానాన్న వచ్చినప్పుడు ఆర్‌వీ తీసుకునే మనవాళ్లు చాలామంది ఉన్నారు, పెద్దవాళ్లతో ఎండలో ఇరుక్కోవడం చిన్న విషయం కాదు.

ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి, ఆర్‌వీ అంటే ఒక ట్రక్కు, దాని మీద ఒక ఇల్లు. రెండింటికీ బ్యాటరీలు వేరు, ఫ్యూజులు వేరు. ట్రక్కు ఆగిపోయినా ఇల్లు పనిచేస్తూనే ఉంటుంది, నీళ్లుంటాయి, గ్యాస్ ఉంటుంది, జనరేటర్ ఉంటుంది. అంటే మీకు టైముంది. కారు ఆగినట్టు కంగారుపడి "ఇంకో పది మైళ్లు లాగేద్దాం" అనుకోవడమే అసలు తప్పు.

ముల్లు ఎక్కుతోందంటే వెంటనే ముందు డ్యాష్‌బోర్డు ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టండి. ఎండలో హీటరేంటని మా నాన్న అడిగారు, కానీ ఇంజన్ వేడిని కొంత లోపలికి లాగేది అదే, ఇంకో చిన్న రేడియేటర్‌లా పనిచేస్తుంది. వెనక కూర్చున్నవాళ్ల కోసం జనరేటర్ ఆన్ చేసి పైకప్పు ఏసీ వేయండి, దానికీ ఇంజన్‌కీ సంబంధం లేదు. స్పీడు తగ్గించి, కుడి లేన్‌లోకి వచ్చి, హజార్డ్ లైట్లు వేసుకుని తర్వాతి ఎగ్జిట్ దాకా వెళ్లగలిగితే వెళ్లండి. ముల్లు ఎర్రగీతకి చేరినా, ఆవిరి కనిపించినా, తియ్యటి వాసన వచ్చినా (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్ కారితే వచ్చే వాసన అది) ఇంక ఎగ్జిట్ కోసం చూడొద్దు, అక్కడే పక్కకి ఆపి ఇంజన్ కట్టేయండి. రేడియేటర్ మూత మాత్రం ముట్టుకోవద్దు, లోపల ప్రెషర్‌లో ఉన్న నీళ్లు మొహాన చిమ్ముతాయి. కనీసం గంట చల్లారనిచ్చి అప్పుడు చూడాలి. మాకు హోస్ పైపు క్లాంపు దగ్గర చుక్కచుక్కగా కారుతోంది, కింద రోడ్డు మీద తడి మరక చూస్తేగానీ తెలియలేదు.

ఎక్కడ ఆపారన్నది ఏం పాడైందన్నదాని కంటే ముఖ్యం. ఫ్రీవే పక్క షోల్డర్ మీద ఆగితే అందరూ ట్రాఫిక్ లేని వైపు తలుపు నుంచే దిగి, రెయిలింగ్ ఉంటే దాని అవతల, బండికి దూరంగా నిలబడాలి. పిల్లల చెయ్యి ఒకరు పట్టుకునే ఉండాలి. బండిలో హెచ్చరిక త్రికోణాలు ఉంటే వెనకవైపు దాదాపు 10, 100, 200 అడుగుల దూరంలో పెట్టండి, కానీ పెట్టడానికి వెళ్లేటప్పుడు వచ్చే బండ్లకేసి చూస్తూ నడవండి. నిలబడే చోటు లేక లేన్‌కి ఆనుకుని ఆగాల్సి వచ్చినా, ఎండలో పెద్దవాళ్లకి కళ్లు తిరుగుతున్నా, మొహమాటపడకుండా 911 కి చెయ్యండి. ఫోన్‌లో మైలు మార్కర్ నంబరు, ఏ దిక్కుకి వెళ్తున్నారో చెప్పాలి. ఎడారిలో చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. ఐఫోన్ 14, ఆ తర్వాతి వాటిలో శాటిలైట్ ద్వారా ఎమర్జెన్సీ మెసేజ్ పంపే వీలుంది, అది ఎలా వాడాలో ఇంట్లోనే చూసుకుని బయల్దేరండి.

టో ట్రక్కుని (ఆగిన బండిని లాక్కెళ్లేది) పిలిచేటప్పుడు "ఆర్‌వీ" అని ఊరుకుంటే మామూలు ట్రక్కు వచ్చి, చూసి, వెనక్కి వెళ్లిపోతుంది. పొడవెంత, ఎత్తెంత, బరువెంత, వెనక జంట చక్రాలున్నాయా, ఇవి చెప్పాలి. బరువు డ్రైవర్ తలుపు పక్కన స్టిక్కర్ మీద ఉంటుంది, బయల్దేరే ముందే ఫొటో తీసుకోండి. కార్ల కోసం కట్టిన మామూలు ఏఏఏ (దారిలో బండి ఆగితే సాయం పంపే సంస్థ) మెంబర్‌షిప్ ఆర్‌వీకి పనికిరాదు, దానికి ఆర్‌వీ కవరేజ్ విడిగా ఉంటుంది. అద్దె బండైతే వాళ్ల నంబరుకి ముందు ఫోన్ చేసి, రిపేరుకి ఒప్పుకున్నట్టు మెసేజో ఈమెయిలో తీసుకున్నాకే డబ్బు ఖర్చు పెట్టండి. మాకు ఫోన్‌లో నోటిమాటగా సరే అన్నారు, తర్వాత ఆ బిల్లు రాబట్టుకోవడానికి రెండు నెలలు పట్టింది.

ఇంకోటి, టో ట్రక్కులో ఇద్దరికో ముగ్గురికో చోటుంటుంది. మేం ఎనిమిది మందిమి. వేగస్‌లో ఉన్న స్నేహితుడు రెండు ట్రిప్పులు కారేసుకొచ్చాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఎండలో ఏం చేసేవాళ్లమో. అందుకే దారిలో తెలిసినవాళ్లు ఎవరెవరు ఉన్నారో ముందే రాసి పెట్టుకోండి. బీపీ, షుగర్ మాత్రలు, పాస్‌పోర్టులు, ఛార్జర్లు, ఒక డబ్బా పులిహోర, ఇవన్నీ ఒకే బ్యాగులో, తలుపు దగ్గర.

పొద్దున క్యాంప్‌గ్రౌండ్‌లో తాళం తిప్పితే టిక్ టిక్ అని ఆగిపోయిందా, ముందు భయపడకండి. చాలా బండ్లలో డ్యాష్‌బోర్డు మీద ఒక చిన్న బటన్ ఉంటుంది, అది నొక్కిపట్టి తాళం తిప్పితే ఇంటి బ్యాటరీ నుంచి కరెంట్ తీసుకుని ఇంజన్ స్టార్ట్ అవుతుంది. బండి తీసుకునేటప్పుడే అది ఎక్కడుందో అడగండి. జనరేటర్ స్టార్ట్ కాకపోతే పెట్రోల్ చూసుకోండి, ట్యాంకు పావు వంతుకి తగ్గితే దానికి అందకుండా పైపు పెడతారు, మీరు పెట్రోల్ బంకు దాకా వెళ్లగలగాలని. స్లైడ్ అవుట్ (బండి ఆపాక బయటికి జరిపే గది భాగం) లోపలికి రాకపోతే బలవంతంగా తొయ్యొద్దు, ముందు ఫ్యూజు, ఆ తర్వాత చేత్తో తిప్పే హ్యాండిల్.

దిగుడులో బ్రేకులు కాలిన వాసన వస్తే అప్పటికే ఆలస్యమైనట్టు, ఆపి చల్లారనివ్వండి. దిగడం మొదలవక ముందే టో/హాల్ మోడ్ (బరువుతో వెళ్లేటప్పుడు వాడే గేర్ల సెట్టింగ్) బటన్ నొక్కి చిన్న గేర్‌లో దిగాలి.

టైర్ల విషయానికొస్తే, వెనక జంటలో లోపలి టైరు గాలి పోయినా చూడ్డానికి తెలియదు, ఆగిన ప్రతిచోటా గేజి పెట్టి చూడండి. టైరు పక్కన DOT అని మొదలయ్యే కోడ్‌లో చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం, 2319 అంటే 2019లో 23వ వారం. పాతగా ఉంటే బండి వేరేది ఇమ్మని లాట్‌లోనే అడగండి. స్పేర్ టైరు ఉన్నా చాలాసార్లు జాకీ ఉండదు, అదీ ఉన్నా ఆ బరువుకి ఫ్రీవే పక్కన మీరు ఎత్తొద్దు, టైరు సర్వీసు వాళ్లని పిలవండి.