చిన్న పడవలో అల్యూమినియం ఫ్లోర్ వేసేటప్పుడు

చేపల పడవలో కుళ్లిపోయిన చెక్క ఫ్లోర్ తీసేసి అల్యూమినియం రేకు వేయాలనుకుంటున్నారా? అయితే ముందు స్క్రూల సంగతి చూసుకోండి. అల్యూమినియంకి మామూలు ఇనుప స్క్రూ బిగిస్తే, ఉప్పునీళ్లు తగిలేకొద్దీ దాని చుట్టూ తెల్లటి పొడి లేస్తుంది. అంటే అక్కడ రేకుని తుప్పు తినేస్తోందన్నమాట. స్టెయిన్‌లెస్ స్టీల్‌తోనూ ఈ బెడద ఉంటుంది. అందుకే స్క్రూ తల కింద నైలాన్ వాషర్ పెట్టి, స్క్రూ మరలకి మెరైన్ సీలెంట్ (నీళ్లు చొరబడకుండా పడవలకి వాడే జిగురు) పూసి బిగించండి. ఇత్తడి, రాగి అసలు దగ్గరికి రానివ్వద్దు.

రేకు 5052 లేదా 5083 రకం (ఇవి అల్యూమినియం మిశ్రమాల నంబర్లు) అడగండి, ఉప్పునీటికి బాగా ఆగుతుంది. పడవ లోపలి ఒంపు అన్నిచోట్లా ఒకేలా ఉండదు కాబట్టి ముందు అట్ట కోసి సరిచూసుకుని, ఆ కొలతకే రేకు కోయించండి. అంచుల చుట్టూ అర సెంటీమీటరు ఖాళీ వదిలితే నీళ్లు కిందికి దిగిపోతాయి, ఎండకి రేకు సాగినా ఉబ్బదు. డ్రిల్ బిట్‌కి టేపు చుట్టి లోతు గుర్తు పెట్టుకోండి, పడవ అడుగుకి చిల్లు పడితే పని మళ్లీ మొదటికొస్తుంది. నీళ్లు తోడే పంపు పైన మాత్రం తెరిచే మూత తప్పకుండా పెట్టించండి. పంపుకి చెత్త అడ్డుపడినప్పుడు చెయ్యి పట్టేంత దారి ఉండాలి.